నాన్న బిగించాడు, చూడక్కర్లేదు

చిరంజీవి పేచీకి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మా కులాసాగానే ఉన్నాం. నువ్వక్కడ వేళకి తింటూ, వేళకి పడుకుంటూ ఉన్నానని రాశావు కాబట్టి నేను నమ్మాను. అమ్మ మాత్రం నమ్మలేదు. "దాని అక్షరాలు చూడండి, ఎలా చిక్కిపోయాయో" అంటోంది.

నీ ఉత్తరం శనివారం అందింది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటండీ అని పోస్ట్‌మాన్ నవ్వాడు. ఫోన్లో ఎంత మాట్లాడించినా నా నోట్లోంచి "ఊఁ" తప్ప ఇంకో మాట ఊడిపడదని, కాగితం మీదైతే కాస్త మనిషిలా మాట్లాడతానని మా అమ్మాయే ఈ పద్ధతి పెట్టిందని చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు పలకరిస్తుంది. అందుకని పై అంతస్తుల్లో పనులు ఒప్పుకోవడం తగ్గించాను. అమ్మ కళ్లజోడు మొన్న మంగళవారం మార్పించాం. పొద్దున్న వెళ్లినవాళ్లం సాయంత్రందాకా ఆ దుకాణంలోనే కూర్చున్నాం. కొత్త అద్దాల్లో నా ముఖం మరీ స్పష్టంగా కనిపిస్తోందట, పాతవే నయమట. వంటింటి అలమారా తలుపు బాగుచేశావా అని అడిగావు. లేదు. ఊరందరి వంటిళ్లకీ తలుపులు బిగించి వస్తాను, మన తలుపు మాత్రం ఒంటి బందు మీద వేలాడుతోంది. అమ్మ దానికి తాడు కట్టింది, అదీ నా కంట్లో పడాలని ఎర్రది వెతికి మరీ కట్టింది.

కొరియర్ ఆఫీసులో నిన్ను పర్మనెంట్ చేశారని చదివి సంతోషించాం. ఆ తర్వాత నువ్వు సరదాగా రాసిన ముక్క ఒకటుంది చూడు, కొత్త ఆఫీసు గదులకి కంప్యూటర్లో ప్లాను గీసిపెట్టమని మీ మేనేజర్ అడిగితే, "నా చెయ్యి పడితే మిషన్లు మాడిపోతాయి సార్, నాకు చేతకాదు" అన్నానని, అందరూ నవ్వారని, నువ్వూ నవ్వానని. ఆ ముక్క నేను అమ్మకి పైకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వింది. నేను ఆ తర్వాత వాక్యం చదవలేదు. మంచినీళ్లు తాగే నెపంతో లేచి వెళ్లిపోయాను.

ఇక ఆఖరి ప్రశ్న. మన కంప్యూటర్‌ని పక్కవాటా టైలరు గారి అమ్మాయికి ఇచ్చేశారా, దాన్ని చూస్తే నా చేతకానితనమే గుర్తొస్తుంది, ఇంట్లో ఉంచకండి అని రాశావు. ఇంకా ఇవ్వలేదమ్మా. ఎందుకివ్వలేదో చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం. నీకు తెలిసిన సంగతులే కొన్ని మళ్లీ చెబుతాను, విసుక్కోకుండా చదువు.

కిందటేడు నువ్వు ఆ ఇళ్ల డిజైన్ కాలేజీకి దరఖాస్తు పెట్టావు. నీ ఊహలో ఉన్న ఇల్లొకటి కంప్యూటర్లో కట్టి, గది గదికీ నడిచి చూపించినట్టు వీడియో చేసి, మూడు రోజుల గడువులో పంపాలన్నారు. మన పాత మిషన్ ఆ బరువు మోయలేదని, నువ్వు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నదాంతో కొత్త ప్రాసెసర్, బోర్డు, ప్రాసెసర్ మీద కూర్చోబెట్టే కొత్త ఫ్యాను కొనుక్కొచ్చావు. పాతవన్నీ ఊడదీసి నేలమీద దుప్పటి పరిచి పెట్టుకున్నావు. డబ్బాని క్యాబినెట్ అంటారు నాన్నా అన్నావో లేదో, నేను పీట జరుపుకుని నీ పక్కన చేరాను. క్యాబినెట్ అయితే అది నా శాఖే కదా!

అన్నీ నువ్వే పెట్టుకున్నావు. ఏ తీగ ఎక్కడికో, ఏ పిన్ను ఎందులోకో నీకు కంఠతా వచ్చు. ప్రాసెసర్ నెత్తిన బఠాణీ గింజంత పేస్టు పెట్టి, వేడి దీనిగుండానే పైకి పోతుంది నాన్నా, ప్రాసెసర్‌కీ ఫ్యాను అడుగున ఉన్న రాగి దిమ్మెకీ మధ్య వెంట్రుకవాసి సందు కూడా ఉండకూడదు అని నాకు పాఠం చెప్పావు. వేళ్లకి ఆ పేస్టు అంటుకుంటే కడుక్కోవడానికి లేచావు. అప్పుడు నేను అన్నాను, నాలుగు స్క్రూలు సమంగా బిగించడం నా పని, ఫ్యాను నేను పెడతాను, నువ్వెళ్లి చేతులు కడుక్కురా అని. నువ్వు తిరిగొచ్చేసరికి బిగించేశాను. ఒక మూల బిగించి, దానికి ఎదురు మూల బిగించి, మళ్లీ మొదటి మూల. అలమారా తలుపు ఎలా కూర్చోబెడతానో అంత పొందిగ్గా. నువ్వు వేలితో కదిపి చూసి, "అబ్బ, ఏం బిగింపు నాన్నా!" అన్నావు.

ఆ రోజు నుంచీ అది వేడెక్కడం మొదలుపెట్టింది. నువ్వు పడిన అవస్థ నేను చూశాను. పక్క రేకు ఊడదీశావు, గాలి లోపలికొచ్చే ఫ్యాన్లు, బయటికెళ్లే ఫ్యాన్లు అటూ ఇటూ మార్చావు. దుమ్ము దులిపావు. ఎవరో స్నేహితురాలి ఇంట్లోంచి వేరే పవర్ సప్లై అడిగి తెచ్చి పెట్టావు. ఏదో సెట్టింగులోకి వెళ్లి ప్రాసెసర్ వేగం తగ్గించావు. చివరికి అమ్మ వంటింట్లోంచి టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చి దాని ముందు పెట్టావు. ఆవిడ చెమటలు కక్కుతూ వంట చేసింది, ఒక్క మాట అనలేదు. మిషన్ ఖాళీగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండేది, నీ ఇంటి బొమ్మ కదపగానే తొంభై ఎనిమిది డిగ్రీలకి ఎక్కి టప్పున ఆరిపోయేది. గడువు మూడు రోజుల్లో పదకొండు సార్లు ఆరిపోయింది. నువ్వు సగం వీడియోనే పంపగలిగావు. జాబితాలో నీ పేరు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. టైలరు గారి అమ్మాయికి ఇవ్వమన్నావు కదా, పాడైన వస్తువు ఇస్తే ఏం మర్యాద అని, పోయిన మంగళవారం దాన్ని మోసుకుని సందు చివరి రిపేరు షాపుకి తీసుకెళ్లాను. షాపాయన ఫ్యాను ఊడదీసి, రాగి దిమ్మె తిప్పి చూసి, నవ్వాడు. "ఏ మహానుభావుడండీ దీన్ని బిగించింది?" అన్నాడు. దిమ్మె అడుగున పల్చటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. కొత్త వస్తువు గీతలు పడకుండా కంపెనీ వాళ్లు అంటిస్తారట, తీసేసి బిగించాలట. నువ్వు పెట్టిన పేస్టు ఆ కవరుకి నాణెంలా అంటుకుని ఉంది, రాగికి తగలనే లేదు. వేడికి దారి లేకుండా చేసింది ఆ కవరే.

"ఎవరో తెలియనివాడు బిగించాడండీ" అన్నాను. పేచీ, బిగించింది నేను. బిగించేటప్పుడు ఆ కవరు నేను చూశాను కూడా. దాని మీద ఎర్ర అక్షరాలతో ఏదో రాసి ఉంది. మా పని నీకు తెలుసు. అలమారా షీట్ల మీద అలాంటి కవరే ఉంటుంది. కోసినా, బిగించినా, పిడులు వేసినా దాన్ని తీయం. ఇంటివాళ్లు వచ్చి అన్నీ తెరిచి మూసి, బాగుంది అన్నాకే వాళ్ల ఎదురుగా లాగుతాం. ముందే తీసినవాడు పని రానివాడి కింద లెక్క. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. పని పూర్తికాకుండా కవరు తీయకూడదని చేతికి తెలుసు, ఆ చెయ్యే నీ మిషన్‌ని పాడుచేసింది. షాపాయన కవరు తీసి, కొత్త పేస్టు పెట్టి బిగించి ఇచ్చాడు. ఇప్పుడు చల్లగా నడుస్తోంది. కాబట్టి తప్పు నీది కాదు తల్లీ, నాది. మీ మేనేజర్ మళ్లీ అడిగితే ప్లాను గీసి ఇవ్వు.

ఇంతవరకు రాసి, సంతకం పెట్టేముందు అమ్మకి చూపించాను. కొత్త కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచీ చదివింది. చదివి కాగితాలు ఒళ్లో పెట్టుకుని అడిగింది. "మంగళవారం నాతోపాటు కళ్లజోడు దుకాణంలో ఉన్నారు. మీరే రాశారు, పొద్దుటినుంచీ సాయంత్రందాకా అని. రిపేరు షాపుకి ఏ మంగళవారం వెళ్లారు?"

నేను కలానికి మూత పెట్టాను.

"ఆ డబ్బా మీద కప్పిన దుప్పటి నేను రోజూ చూస్తూనే ఉన్నాను. దాన్ని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు. నిజం చెప్పండి, ఎప్పుడు తెలిసింది మీకు?" అంది.

ఆవిడకి చెప్పాను. విని కళ్లజోడు తీసేసింది. ఈ కాగితాలు చింపేసి మళ్లీ రాస్తానంటే, "చింపొద్దు. ఇవి కూడా పంపండి. నాకు చెప్పిందంతా దానికి రాయండి" అని పక్కగదిలోకి వెళ్లిపోయింది. అందుకని పైన రిపేరు షాపు గురించి రాసిందాన్ని కొట్టేయకుండా ఉంచాను. ఆ షాపు ఉంది, నేను వెళ్లలేదు. ఆయన మాటలు నేను కల్పించాను. కవరు మాత్రం నిజం. దాన్ని చూసింది నేనే, మొన్నో నిన్నో కాదు. పదకొండు నెలలైంది.

నీ పేరు లేదని తెలిసిన కొద్దిరోజులకి కాలేజీ వాళ్లు ఇంకో మాట పంపారు, గుర్తుందా? మిషన్ల ఇబ్బంది వల్ల సగంలో ఆగినవాళ్లు పది రోజుల్లో మళ్లీ పంపుకోవచ్చని. నువ్వు ఎటూ తేల్చుకోలేక ఐదు రోజులు అన్నం కెలుకుతూ కూర్చున్నావు. ఐదో రోజు నువ్వూ అమ్మా మీ పిన్ని ఇంటికి వెళ్లారు. నేను ఒక్కడినే ఉన్నాను. నీ బల్ల మీద ఆ గీతల నోటుపుస్తకం కనిపించింది, ఎంత వేడి, ఎన్ని నిమిషాలకి, ఏం మార్చితే ఎంత తగ్గింది అని నువ్వు రాసుకున్నది. పదమూడు పేజీలు. ఒక్కొక్కటీ పరీక్షించి పక్కన టిక్కు పెట్టుకున్నావు. టిక్కు లేనిది ఒకటే ఉంది. "ఫ్యాను బిగింపు. నాన్న బిగించాడు, చూడక్కర్లేదు."

అది చదివి నేనెంత పొంగిపోయానో నీకు ఎలా చెప్పను! రెండుసార్లు చదివాను. గదిలో ఎవరూ లేకపోయినా కాలరు సర్దుకున్నాను. సరే, ఆ ఒక్క టిక్కు కూడా నేనే పెట్టేస్తే లెక్క పూర్తవుతుంది కదా అని స్క్రూడ్రైవర్ తెచ్చి ఫ్యాను ఊడదీశాను. అప్పుడు మళ్లీ చూశాను ఆ కవరుని, నువ్వు ఉండకూడదన్న సందుని.

దాన్ని లాగేశాను. నీ డ్రాయర్లోంచి పేస్టు తీసి పెట్టి, మళ్లీ బిగించి, ఆన్ చేశాను. నీ ఇంటి బొమ్మ తెరిచి అటూ ఇటూ తిప్పాను. యాభై ఎనిమిది దాటలేదు. ఆరిపోలేదు. ఇంకా ఐదు రోజుల గడువుంది. నువ్వు రాగానే చెబుదామని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఒట్టు, చెబుదామనే కూర్చున్నాను.

నువ్వు చెప్పులు విప్పుతూనే అన్నావు, "నాన్నా, నేను మళ్లీ పంపను. దారంతా ఆలోచించాను. అన్నీ చూశాను, దేన్లోనూ తప్పు లేదు. ఇంక తప్పు నాలోనే ఉండాలి. నాకు ఇది రాదు నాన్నా."

నేను "ఊఁ" అన్నాను.

మర్నాడు పేపర్లో ఉద్యోగాల పేజీ పట్టుకొచ్చి, కొరియర్ ఆఫీసు ఎలా ఉంటుంది నాన్నా అని అడిగావు. మంచిదే అన్నాను. ఆ తర్వాతి రోజు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నీ వెనకే వచ్చాను. ఏంటి నాన్నా అన్నావు. క్లిప్పొకటి కావాలి అన్నాను. ఇచ్చావు. ఆ క్లిప్పు జేబులో వేసుకుని కిందికి వచ్చేశాను. గడువు ఆఖరి రోజు పనిలోకి తొందరగా వెళ్లి, బిగించిన స్క్రూలే మళ్లీ మళ్లీ బిగిస్తూ ఉంటే, ఆ ఇంటావిడ "ఏమైంది మేస్త్రీగారూ, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. ఇంటికి వచ్చేసరికి గడువు దాటింది. నువ్వు ఆ డబ్బా మీద దుప్పటి కప్పేశావు. ఇంక దాన్ని ఒక్కసారి కూడా ఆన్ చేయలేదు. చేసి ఉంటే నీకే తెలిసేది. నువ్వు చేయకూడదని నేను రోజూ మనసులో మొక్కుకున్నాను. నీ కన్నతండ్రిని, అలా మొక్కుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటావు. సిగ్గు అని రాసి ఊరుకోవచ్చు, కానీ అది సగమే. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్లవాళ్లు పని బాగుందన్నారు. ఎవరూ నువ్వు రాసినట్టు రాయలేదు. చూడక్కర్లేదు అన్న ఆ మాట పోతుందని భయపడ్డాను. దాన్ని కాపాడుకోవడానికి నీ చదువు పోనిచ్చాను. నిన్ను బస్సెక్కించిన రోజు కిటికీ పక్కన నిలబడి, ఇప్పుడైనా చెప్పు అని నాకు నేను చెప్పుకుంటూనే, జాగ్రత్త, నీళ్లు తాగుతూ ఉండు అన్నాను. నువ్వు కళ్లు తుడుచుకున్నావు. నిన్ను వదల్లేక నేను దిగులు పడుతున్నాననుకున్నావు. పిచ్చితల్లివి.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, ఆదివారం, అమ్మ మీ పిన్ని ఇంటికి వెళ్లాక దుప్పటి తీసి మిషన్ ఆన్ చేశాను. నువ్వు ఏ బటన్ నొక్కేదానివో నీ వెనక నిలబడి ఎన్నోసార్లు చూశాను కనుక గుర్తుంది. వీడియో తయారవడానికి ఐదు గంటలు పట్టింది. నేను కుర్చీలోంచి లేవలేదు. అరవై రెండు దాటలేదు, ఒక్కసారీ ఆరిపోలేదు. ఆ రోజుల్లో నువ్వు పంపిన సగం ముందుగది దగ్గరే ఆగిపోయింది కదా, ఆ తర్వాత ఏముందో మాకెవరికీ తెలియదు. ఈసారి వంటిల్లు వచ్చింది, పెరడు వచ్చింది. పెరటి వైపు పనిగది ఒకటి వచ్చింది. అందులో నా రంపాలు, నా కొలబద్ద, బల్ల. కిటికీ ఎడమవైపు పెట్టావు. నా నీడే గీత మీద పడుతోందని నేను విసుక్కోవడం ఎప్పుడు విన్నావో ఏమో. ఆ గదిలో కాసేపు ఆగి, వెలుతురు బల్ల మీద పడేదాకా ఉండి, అప్పుడు ముగించావు. ఇల్లంటే ఏమిటో నీకు తెలుసు పేచీ. నీకు చేతకాకపోవడమేమిటి?

సోమవారం పని మానుకుని ఆ కాలేజీకి వెళ్లాను. ఇది కల్పించడం లేదు. కౌంటర్లో కూర్చున్నావిడకి అంతా చెప్పాను, కవరు సంగతితో సహా. ఆవిడ ఓపిగ్గా విన్నది. కిందటేడు మళ్లీ పంపినవాళ్లని ఏం చేశారండీ అని అడిగాను. "పదహారు మందే పంపారండీ. అందర్నీ ఇంటర్వ్యూకి పిలిచాం" అంది. ఈ ఏడు మా అమ్మాయి పంపవచ్చా అంటే, నీ పుట్టినతేదీ అడిగి వేళ్ల మీద లెక్కపెట్టింది. "నాలుగు నెలలు దాటిపోయిందండీ. వయసు విషయంలో ఎవరం ఏమీ చేయలేం" అంది. నేను కదలకుండా నిలబడి ఉంటే, కూర్చోండి అని కుర్చీ చూపించింది. వెనక క్యూ ఉంది, వచ్చేశాను.

ఈ మాట కూడా దాచేద్దామనిపించింది. పదహారు మందినీ పిలిచారన్న మాట నీకు తెలియకపోతే ఏం పోయిందని. కానీ ఏది నువ్వు వినాలో, ఏది వినకూడదో ఎంచడం కిందటేడు నేను చేసిన పనే. మళ్లీ చేయను.

నీ గుణం నాకు తెలుసు. ఇది చదివి ఓ పూట ఏడ్చి, సాయంత్రానికి ఫోన్ చేసి, "పోనీలే నాన్నా, అయిపోయిందిగా" అంటావు. ఆ మాట మాత్రం అనకమ్మా. నీకు అనిపించినా అనకు, దాన్ని వినే ముఖం నాకు లేదు. కోపం వస్తే అరిచెయ్, వింటాను. మాట్లాడాలని లేకపోతే మానెయ్. అమ్మకి మాత్రం చేస్తూ ఉండు, ఆవిడ చేసిందేమీ లేదు. మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు నేను వరండాలోనే కూర్చుంటాను, లోపలికి రాను. నువ్వు నవ్వితే వరండాలోకి వినిపిస్తుంది. అంతవరకు విననివ్వు.

ఇట్లు,
చెప్పడానికి ఐదు రోజులుండీ చెప్పని
మీ నాన్న